మావగారి చల్లగదికి నా కాపలా

ఆ రోజుల్లో చల్లదనం అంటే కుండలో నీళ్ళు, కిటికీకి కట్టిన వట్టివేళ్ళ తడక, మధ్యాహ్నం పూట చాప కూడా లేకుండా గచ్చు మీద పడుకోవడం. అంతకు మించిన చల్లదనం కావాలనుకున్నవాళ్ళు సాయంత్రం నాగావళి ఒడ్డుకు పోయేవారు (వేసవిలో అక్కడ నీళ్ళకన్నా ఇసుకే ఎక్కువ, కాబట్టి కాళ్ళు కాల్చుకుని తిరిగి వచ్చేవారు). ఇప్పుడు మా వీధిలో గోడకొక తెల్లపెట్టె వేలాడుతోంది, దాన్ని తలెత్తి చూసే నాథుడు లేడు. నేను కొత్తకోడలిగా శ్రీకాకుళం వచ్చిన ఏడు మాత్రం, మా ఇంటి గోడలో బిగించిన పెట్టెను చూడటానికి పల్లెల నుంచి బళ్ళు కట్టుకుని వచ్చినవాళ్ళున్నారు. ఆ పెట్టెకు సంరక్షకురాలిని నేనే. ఆ ఉద్యోగం నాకెలా వచ్చిందో, దానివల్ల నాకేం పోయిందో చెబుతాను. నవ్వొస్తే నవ్వండి, నేనేమీ అనుకోను. నేను కూడా చాలాచోట్ల నవ్వుతాను, పళ్ళు కొరుక్కుంటూనే.

మా నాన్న పాతపట్నంలో లెక్కల మేస్టారు. నేను పి.యు.సి. ఫస్టు క్లాసులో పాసైనప్పుడు మురిసిపోయి నాకో చేతిగడియారం కొనిపెట్టారు. డిగ్రీకి హాస్టల్లో ఉంచి చదివించే స్తోమత మాత్రం ఆయనకు లేదు. అందుకని, మిగతా తండ్రులు పొలం ఎంతుంది, ఇల్లెంతుంది అని చూసే చోట ఈయన కాలేజీ ఎంత దూరముంది అని చూసి సంబంధం వెతికారు. దొరికింది గోగునార వ్యాపారి ఇల్లు, కాలేజీకి రిక్షా దూరం. మాటలనాడు నాన్న పెట్టిన షరతు ఒక్కటే, జూన్‌లో పిల్లను బీయస్సీలో చేర్పించాలని. “అదెంత పని బావగారూ. మా ఇంట సదువుకున్నోలు నేరు. కోడలు సదివితే మాకే పేరు. మాటిచ్చీసినాను, ఇంక మీరు నిద్దరోండి,” అన్నారు మావగారు. నాన్న కళ్ళు చెమర్చాయి. (గోగునార వ్యాపారంలో మావగారు రోజుకు ఎన్ని మాటలు ఇచ్చేవారో అప్పటికి మాకు తెలియదు.)

మాఘమాసంలో పెళ్ళైంది. ఉగాది రాకముందే ఆ పెట్టె వచ్చింది. దాని వెనక కథ ఏమిటంటే, మావగారు మా పెళ్ళికి ముందు నార బేరానికి కలకత్తా వెళ్ళారు. అక్కడి వ్యాపారి ఆయన్ను ఒక చల్లటి గదిలో కూర్చోబెట్టాడట. బయట ఎండలో చెమటకు తడిసిన చొక్కా లోపల మంచుగడ్డలా ఒంటికి అతుక్కుపోయిందట. “పల్లు టకటకలాడతన్నాయి. ఆడు ఏ రేటు సెప్తే దానికి ఊఁ అనీసి బయటపడ్డాను. అప్పుడు తెలిసినాది నాకు, బేరం సెయ్యాలంటే నోరు కాదు, సల్లగది ఉండాల,” అని ఇంటికొచ్చి అందరికీ చెప్పారు. ఆరు నెలలు తిరక్కుండా మా వీధిగది గోడకు కన్నం పెట్టించి ఆ చల్లగాలి మిషన్ బిగించారు. మిషన్ ముఖం గదిలోకి, వీపు ఇంటికీ నార గోదాముకీ మధ్యనున్న సందులోకి.

బిగించడానికి విశాఖపట్నం నుంచి ఒక ఫిట్టరు వచ్చాడు. పని కానిచ్చి, సాయంత్రం బస్సు అందుకోవాలన్న కంగారులో చేతులు కడుక్కుంటూ, “దీన్ని ఇంట్లో ఎవరు చూసుకుంటారు?” అని అడిగాడు. ఏనుగును కొన్నవాడికి మావటివాడు గుర్తులేనట్టు, ఇంట్లో అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మా ఆయన పైకి చూశారు. అత్తగారు వంటింటివైపు చూశారు. మావగారు మాత్రం నావైపు చూసి, “సదువుకున్న పిల్ల ఉన్నాది కదేటి. ఆయమ్మకి సెప్పు బాబూ,” అన్నారు. తలుపు వెనక నిలబడ్డ నేను ముందుకు వచ్చాను. పెళ్ళయ్యాక ఆ ఇంట్లో నా చేతుల్ని, నా వంటను కాక నా బుర్రను ఎవరైనా పిలవడం అదే మొదలు. ఎంత పొంగిపోయానో చెప్పలేను.

ఫిట్టరు గబగబా చెప్పాడు. లోపలి జల్లెడ, అంటే ఫిల్టరు, నెలకోసారి కడగాలి. దీపం ఎర్రగా, గుడ్డిగా వెలుగుతుంటే కరెంటు తక్కువగా ఉన్నట్టు, అప్పుడు మిషన్ వెయ్యకూడదు. వెనక సందులో రెండు బారల మేర ఏమీ పెట్టకూడదు, వేడిగాలి అటే పోవాలి. అన్నిటికన్నా ముఖ్యం, కరెంటు పోయి వస్తే వెంటనే స్విచ్చి వెయ్యకూడదు, మూడు నిమిషాలు ఆగాలి. ఎందుకని అడిగాను. అతను తువ్వాలు భుజాన వేసుకుంటూ ఆగి, “లోపల గ్యాసు సర్దుకోవాలమ్మా. అది సర్దుకోకముందు తొందరపెడితే మోటారు కాలిపోద్ది,” అన్నాడు. పి.యు.సి. పుస్తకంలో చదివిన పీడనం, ఉష్ణోగ్రత మా వీధిగది గోడలోకి వచ్చి కూర్చున్నాయని నాకు ఒళ్ళు పులకరించింది.

ఆ రాత్రే (రాత్రంటే భోజనాలై అంట్లు కడిగాక, కొత్తకోడళ్ళకు పగలు ఉండదు కాబట్టి) పెద్ద డ్రాయింగు కాగితం మీద ఆ మిషన్‌కు ఏడాది పొడుగునా ఏం చెయ్యాలో పథకం వేశాను. ఫిట్టరు చెప్పినట్టు కాదు, నా బుర్ర పెట్టి. మా ఇంట్లో గాలి నిండా నార నూగు ఎగురుతూ ఉంటుంది కాబట్టి ఫిల్టరు నెలకోసారి కడిగితే చాలదు, వారానికోసారి కడగాలి. శీతాకాలంలో వీపుకు మన గోనెతోనే తొడుగు కుట్టాలి. ఉగాదికి ముందు విశాఖ నుంచి ఫిట్టరును పిలిపించాలి. మర్నాడు అత్తగారు ఆ కాగితానికి తన సవరణలు చేశారు. శుక్రవారం ఇంటి ధూళి బయటికి పోకూడదు, లక్ష్మి పోతుంది. మంగళవారం అసలే కాదు. శనివారం ఇనుము ముట్టుకోవడం మంచిది కాదు. ఆదివారం అమావాస్య వస్తే అదో గొడవ. పంచాంగానికీ ఫిల్టరుకూ బేరసారాలు సాగి, చివరికి బుధవారం మిగిలింది. మావగారు ఆ కాగితానికి అద్దం కట్టించి వీధిగదిలో దేవుడి పటాల వరసలో వేలాడదీశారు. అత్తగారు దానికీ పసుపుబొట్టు పెట్టారు.

అక్కడి నుంచి రెండు నెలలు నాది రాజ్యం. కరెంటు పోయి వచ్చేది, రోజూ పోయేది. వచ్చిన మరుక్షణం నేను నాన్న ఇచ్చిన గడియారం చేతికి కట్టుకుని స్విచ్చి దగ్గర నిలబడేదాన్ని. ఆ మూడు నిమిషాలూ ఇంటిల్లిపాదీ నా నోటివైపు చూసేవారు. ఎవరి ముందు దగ్గడానికి కూడా ఇంట్లోవాళ్ళు భయపడేవారో ఆ మావగారు ఉత్తరీయంతో విసురుకుంటూ, “అయినాదేటమ్మా?” అని అడిగేవారు. “ఇంకా లేదు మావయ్యా,” అనేదాన్ని. “ఇంకా నేదట, కూసోండి,” అని ఎదుటి వ్యాపారులకు చెప్పేవారు. నిజం చెప్పొద్దూ, రెండు నిమిషాల యాభై సెకన్లకే అడిగినా “ఇంకా లేదు” అనడంలో నాకో తియ్యదనం ఉండేది.

మావగారు పన్నిన పన్నాగం కూడా బాగానే పారింది. ఎదుటివాడు ఎండనపడి చెమటలు కక్కుతూ వస్తాడు. మావగారు శాలువా కప్పుకుని కూర్చుంటారు. ఎదుటివాడికి శాలువా ఉండదు. ఆ గదిలో కిటుకంతా అదే. కాసేపటికి అతను చేతులు చంకల్లో పెట్టుకుని, ఆయన ఏ మాటంటే ఆ మాటకు ఊఁ అని లేచిపోయేవాడు. వెళుతూ మిషన్‌ను మెచ్చుకుంటే మావగారు, “మిసనుదేటున్నాది, మా కోడలు నేకపోతే ఆ మిసనూ నేదు, ఈ సల్లదనమూ నేదు,” అనేవారు. ఆ మాట వినడానికి నేను తలుపు పక్కనే తచ్చాడేదాన్ని. అది నా మెడకు పేనుతున్న నారతాడని నాకప్పుడు తట్టలేదు.

వైశాఖంలో మబ్బులు పట్టాయి. ఇది ఇంకెక్కడైనా అయితే ఎవరికీ పట్టదు, మా ప్రాంతంలో మాత్రం మామిడితాండ్ర వేసే ఇంటికి అది ప్రాణగండం. పండ్ల రసం, బెల్లం కలిపి చాప మీద పూత పూసి, ఎండలో ఆరాక దానిమీద ఇంకో పూత పూసి, అలా బొటనవేలంత మందం వచ్చేదాకా పెంచాలి. మధ్యలో ఎండ మొహం చాటేస్తే పులిసిపోతుంది. అత్తగారు అప్పటికి సగం పూతలు వేసి, ఆకాశాన్ని తిడుతూ సందులోకి వెళ్ళారు. అక్కడ మిషన్ వీపు నుంచి భగభగమని వేడిగాలి. ఆవిడ ఒక్క క్షణం దాని ముందు నిలబడ్డారట. మధ్యాహ్నం నేను వెళ్ళి చూసేసరికి తాండ్ర చాపలు రెండు కర్రల మీద నిలబెట్టి మిషన్ వీపుకు ఆనించి ఉన్నాయి, ఈగలు వాలకుండా పాతచీర ఒకటి పక్కల చుట్టూ కట్టి ఉంది. గాలి పీల్చుకోవలసిన కన్నాలన్నీ ఆ చీర కిందే.

“అత్తయ్యా, ఇక్కడ ఏమీ పెట్టకూడదు. మిషన్‌కు ఊపిరాడదు,” అన్నాను.

“ఆడకపోతే అలగ ఊదుతాదేటి? సూడు, ఎంత ఏడిగాలో. ఊరికే సందులోకి పోతన్నాది. ఆరబెట్టుకుంటే నీదేటి పోయినాది?”

“రెండు బారలు ఖాళీగా ఉంచమని పథకంలో రాశాను కదా.”

“రాసినావు. అందులో తాండ్ర అని రాసున్నాదేటి?” అన్నారు ఆవిడ.

రాయలేదు. నిజమే. విశాఖ ఫిట్టరుకు గానీ, పి.యు.సి. పుస్తకం రాసినవాళ్ళకు గానీ తాండ్ర సంగతి తట్టి ఉండదు. మావగారికి చెప్పుకున్నాను. ఆయన అప్పటికే ఒక ముక్క నోట్లో వేసుకుని ఉన్నారు. “రెండ్రోజులు ఆగమ్మా. ఎండొస్తే మీ అత్తే తీసేస్తాది,” అన్నారు. మా ఆయనకు చెప్పాను. ఆయన మంచివారు, ఇప్పటికీ మంచివారే, మంచితనానికి వెన్నెముక అక్కర్లేదని నమ్మే మనిషి. “అమ్మ పెట్టినాది, నాన్న తిన్నాడు. మధ్యలో నానేటి సెప్తాను?” అన్నారు. ఎండ వచ్చింది. తాండ్ర మాత్రం అక్కడి నుంచి కదల్లేదు. కాకుల బెడద లేదు, కాపలా అక్కర్లేదు, ఎండ కన్నా తొందరగా ఆరుతోంది. అత్తగారు ఈ రహస్యం ఇరుగుపొరుగుకు చెప్పి ఇంకో రెండు చాపలు కూడా తెచ్చి నిలబెట్టారు. నేను రోజూ ఆ చీర విప్పేదాన్ని, నా వెనకే ఆవిడ వచ్చి కట్టేవారు.

జూన్ వచ్చింది. నన్ను కాలేజీలో చేర్పించడానికి నాన్న పాతపట్నం నుంచి బస్సులో వచ్చారు. ఆ బస్సు, ఆ ఎండ, ఆయన చొక్కా పిండితే నీళ్ళు కారేలా ఉంది. వీధిగదిలో కూర్చోబెట్టారు. నా తండ్రి కదా, నా చేతి మిషన్ కదా, ఆయన మొహాన చల్లగాలి తగలాలని మీట చివరిదాకా తిప్పి వచ్చాను. ఆయన మిషన్‌ను చూసి, నన్ను చూసి, కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. నేను తలుపు పక్కన నిలబడ్డాను. మావగారు శాలువా సర్దుకున్నారు. ఆ శాలువా చూసేదాకా, ఏం జరగబోతోందో నాకు తట్టలేదు.

“మీ అమ్మాయి బంగారం బావగారూ,” అని మొదలుపెట్టారు మావగారు. “ఈ మిసను ఇంతమందిలో ఒక్కలకి తెలిస్తే ఒట్టు. ఆయమ్మ గడియారం సూసి వెయ్యమంటే ఎయ్యాల, ఆగమంటే ఆగాల. ఇప్పుడు ఆయమ్మ పొద్దున్న కాలేజీకి ఎలిపోతే, కరెంటు పోయి వస్తే, దీని గతేటి? మీరే సెప్పండి.”

“మాట అనుకున్నాం కదండీ బావగారూ,” అన్నారు నాన్న. గొంతు అప్పటికే వణుకుతోంది. అది చలో, మరేమిటో నాకు తెలీదు.

“అనుకున్నాం. నాను నేదన్నానేటి? ఈ ఒక్క ఏడూ ఆగమంతన్నాను. సదువు ఎక్కడికి పోతాది? పైయేడు సేర్పించీద్దాం.”

నాన్న చేతులు చంకల్లోకి వెళ్ళాయి. ఆ గదిలో ఎంతమందినో చూశాను, చేతులు చంకల్లోకి వెళితే బేరం ముగిసినట్టే. లోపలికి పరుగెత్తి మీట కట్టేద్దామనుకున్నాను, పెద్దవాళ్ళ మధ్యలోకి వెళ్ళడానికి కాళ్ళు రాలేదు. “సరే బావగారూ. ఒక్క ఏడే కదా,” అన్నారు నాన్న.

ఆయన లేచి బయటికి వస్తూ గోడనున్న నా పథకం ముందు ఆగారు. పరీక్ష పేపరు దిద్దినట్టు పైనుంచి కిందిదాకా చదివారు. “ఎక్కడా తప్పు లేదమ్మా. చాలా బాగా రాశావు,” అన్నారు. నా కళ్ళలోకి చూడలేదు. అత్తగారు ఆయన సంచిలో తాండ్ర పొట్లం పెట్టారు, మిషన్ తాండ్ర అని రెండుసార్లు చెప్పి మరీ. ఆయన్ను బస్సెక్కించడానికి మా ఆయన వెళ్ళారు. నేను బావి దగ్గరికి వెళ్ళి, ఆ రోజు బుధవారం కాకపోయినా, ఫిల్టరు కడుగుతూ కూర్చున్నాను. కడుగుతుంటే ఏడ్చినా ఎవరికీ తెలియదు.

ఆ తర్వాత వారం తిరక్కుండానే, బొబ్బిలి వ్యాపారులు నలుగురు వీధిగదిలో చేతులు చంకల్లో పెట్టుకునే దశలో ఉండగా, మిషన్ ఒక మూలుగు మూలిగింది. కాలిన వాసన వచ్చింది. ఆగిపోయింది. అందరూ సందులోకి పరుగెత్తారు. అత్తగారు అందరికన్నా ముందు వెళ్ళి తాండ్రను కాపాడారు. విశాఖ ఫిట్టరు వచ్చి వీపు విప్పితే లోపల గండుచీమలు పుట్ట పెట్టి ఉన్నాయి, బెల్లం వాసనకు. చీర అంచు లోపలి ఫ్యాను రెక్కలకు చుట్టుకుంది, మోటారు మాడిపోయింది. “వెనక ఖాళీగా ఉంచమని చెప్పాను కదమ్మా,” అన్నాడు అతను, నావైపే చూస్తూ. ఎవరైనా నోరు విప్పుతారేమోనని ఒక్కొక్కరి మొహమే చూశాను. అత్తగారు ఒక పళ్ళెంలో ముక్కలు కోసి తెచ్చి, “అదలాగుండనీ గానీ, తిను నాయనా,” అన్నారు. అతను తిని, బాగుందన్నాడు. నిజంగానే బాగుంది. ఆ ఏడు తాండ్ర అంత బాగా మళ్ళీ ఎప్పుడూ కుదరలేదు.

మిషన్ చచ్చిందని ఇల్లంతా దిగులు పడుతుంటే, నాకు మాత్రం లోపల చిన్న దీపం వెలిగింది. మర్నాడు పొద్దున్న మావగారు కాఫీ తాగి గ్లాసు కింద పెట్టేదాకా ఆగి, “మావయ్యా, ఇప్పుడు చూసుకోవడానికి మిషన్ లేదు కదా. కాలేజీలో ఇంకా చేర్చుకుంటున్నారట,” అన్నాను. ఆయన నన్ను ఆశ్చర్యంగా చూశారు. కోపంగా కాదు, అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఎంతో జాలిగా, “అమ్మా, ఇప్పటిదాకా సదివిన సదువు గోడలో ఉన్న ఒక్క పెట్టెని కాయనేకపోనాది. ఇంకా సదివి ఏటి కాస్తావు?” అన్నారు.

మిషన్ నడుస్తుంటే, అది నేను లేకపోతే నడవదు, కాబట్టి చదువొద్దు. ఆగిపోతే నా చదువు ఎందుకూ పనికిరాలేదు, కాబట్టి చదువొద్దు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అంటారే, ఇక్కడ ఇద్దరికీ కోపం లేదు, నమిలింది మాత్రం నన్ను. గుమ్మం దగ్గర మా ఆయన నిలబడి ఉన్నారు. తాండ్ర సంగతి ఆయనకు తెలుసు, నేను రోజూ చీర విప్పడం ఆయన చూశారు. ఒక్క మాట అంటారని ఆగాను. ఆయన కాలి బొటనవేలు చూసుకున్నారు. మావగారు గోదాముకు వెళ్ళిపోయారు.

పైయేడు పెద్దాడు పుట్టాడు. ఆ పైయేడు అమ్మాయి. మిషన్ మళ్ళీ బాగుపడలేదు, గోడలోనే ఉండిపోయింది. పిచ్చుకలు అందులో కాపురం పెట్టి, నాకన్నా సుఖంగా పిల్లల్ని పెంచుకున్నాయి. దసరాకు అత్తగారు దానికీ పథకానికీ బొట్లు పెట్టేవారు. ఎవరైనా కొత్తవాళ్ళు వస్తే మావగారు అద్దంలోని ఆ కాగితం చూపించి, “మా కోడలే రాసినాది, సదువుకున్న పిల్ల,” అని గర్వంగా చెప్పేవారు. నేను లోపల పులుసుకు పోపు పెడుతూ వినేదాన్ని. నాన్న మాత్రం ఆ తర్వాత ఎప్పుడొచ్చినా వీధిగదిలో కూర్చోలేదు. అరుగు మీదే కూర్చుని, గాలి ఇక్కడే బాగుందనేవారు.

మావగారు, అత్తగారు, నాన్న, ఎవరూ ఇప్పుడు లేరు. మొన్న వేసవిలో మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది. నేను మంచం మీద కూర్చుని బట్టలు మడతపెడుతున్నాను. సెలవులకు వచ్చిన మనవరాలు రిమోటు అందుకుంది. పడక కుర్చీలో కునుకుతున్న మా ఆయన కళ్ళు తెరవకుండానే చెయ్యెత్తి, “ఆగమ్మా, అప్పుడే వెయ్యకు. మూడు నిమిషాలవ్వాల,” అన్నారు.

“తాతా, ఇప్పటి ఏసీలు వాటంతటవే ఆగుతాయి. మనం ఆగక్కర్లేదు. అయినా నీకెవరు చెప్పారు ఇదంతా?”

“మీ నాన్నమ్మే. అప్పుడు ఈ ఊల్లో దాని కన్నా మిసను తెలిసినోలు ఎవులూ నేరు. ఎనక ఏటీ పెట్టొద్దని సెప్పినాది, మేమే ఇన్నేదు. దానిది తప్పేటి నేదు. మాదే.”

నా చేతిలో దుప్పటి అలాగే ఉండిపోయింది. ఆ గుమ్మం దగ్గర, ఆ పొద్దున, నేను ఎదురుచూసిన మాటలు సరిగ్గా అవే, ఒక్కటి ఎక్కువా కాదు, తక్కువా కాదు. మనవరాలు రిమోటు నొక్కి పక్కగదిలోకి వెళ్ళిపోయింది. ఆయన మళ్ళీ కునుకులోకి జారుకున్నారు. ఏడుపు వస్తుందనుకున్నాను గానీ నవ్వొచ్చింది. చేతిగడియారం చూసుకుంటూ ఇంటిల్లిపాదినీ నిలబెట్టి, తను లేకపోతే చల్లదనమే లేదని మురిసిపోయిన ఆ పిచ్చిపిల్ల కళ్ళ ముందు మెదిలింది. మూడు నిమిషాలు ఆగితే చాలని అప్పుడు ఈయనకు చెప్పింది నేనే. ఈయన మరీ ఎక్కువ ఆగారు.